మూట కట్టేవాడు వేరు, ఏరేవాడు వేరు: ఫైండ్, టార్, మధ్యలో ఎక్స్‌ఆర్గ్స్

(వీడియోలో మాట్లాడినదాన్నే కాస్త సరిచేసి రాతలో పెట్టాం. కమాండ్లు నేను పైకి చదివినట్టే ఉంటాయి. టైప్ చేసేటప్పుడు వీడియోలో స్క్రీన్ చూసి చెయ్యండి.)

ఈరోజు ఒక చిన్న పని గురించి మాట్లాడుకుందాం. ఒక ఫోల్డర్ ఉంది. దాని లోపల ఫోల్డర్లు, వాటి లోపల ఇంకా ఫోల్డర్లు. వాటన్నిట్లోంచి మనకి కావాల్సిన ఫైళ్లు ఏరి ఒకే మూట కట్టాలి, అంటే ఆర్కైవ్ చెయ్యాలి. అంతే. లైనక్స్ వాడేవాళ్లకి ఒక్క లైను కమాండ్. ఆ ఒక్క లైను నేను తప్పు రాశాను. రాసినవాడికి అది తప్పని రెండేళ్ల దాకా తెలియలేదు. అదీ అసలు సంగతి.

మా బాబాయికి డీటీపీ సెంటర్ ఉంది. పెళ్లి కార్డులు, కరపత్రాలు, స్కూలు ప్రశ్నపత్రాలు, అప్పుడప్పుడు పుస్తకాలు. మూడు విండోస్ కంప్యూటర్లు, మూలన ఒక పాత కంప్యూటర్. ఆ పాతదాంట్లో నేను లైనక్స్ వేసి, సాంబా పెట్టి, అందరి ఫైళ్లూ అక్కడే ఒకే చోట ఉండేలా చేశాను. రోజూ రాత్రి 11 గంటలకి ఆ ఫోల్డర్ మొత్తం మూట కట్టి ఇంకో డిస్క్‌లో పెట్టే స్క్రిప్ట్ కూడా రాశాను. రాసిన రోజు పరీక్ష చేశాను కూడా. మూట విప్పి చూశాను, 1,300 ఫైళ్లకి 1,300 ఉన్నాయి. "ఇంక నువ్వు నిశ్చింతగా పడుకో బాబాయ్" అని చెప్పి వచ్చేశాను.

రెండేళ్ల తర్వాత డిస్క్ పోయింది. బాబాయి ఫోన్ చేస్తే నేను కంగారు కూడా పడలేదు. "బ్యాకప్ ఉందిగా" అన్నాను. ఆదివారం వెళ్లి కొత్త డిస్క్ వేసి మూట విప్పాను. డిస్క్ పోయే నాటికి సర్వర్‌లో 9,400 పైచిలుకు ఫైళ్లు ఉన్నాయి. మూటలో ఉన్నవి 818. ముందురోజు మూట విప్పాను, అందులోనూ 800 చిల్లరే. వారం వెనక్కి వెళ్లాను, అంతే. ఎక్కడా ఒక్క ఎర్రర్ లేదు. లాగ్ ఫైల్ శుభ్రంగా ఖాళీగా ఉంది.

పోయినవాటిలో ఎక్కువ భాగం పాత పెళ్లి కార్డులే, వాటికి ఎవరూ ఏడవరు. కానీ ఒక రిటైర్డ్ మాస్టారు తన ఊరి చరిత్ర రాసుకుని, అధ్యాయం అధ్యాయంగా బాబాయి దగ్గర టైపు చేయించుకుంటున్నారు. 11 అధ్యాయాలు. అను ఫాంట్లలో, పేజ్‌మేకర్‌లో. అవి ఆ 818లో లేవు.

ఎందుకు లేవో చెప్పాలంటే మూట కట్టడం ఎలా జరుగుతుందో ముందు చూడాలి.

యూనిక్స్‌లో ఈ పని మొదట్నుంచీ ఇద్దరి చేతుల్లో ఉంది. చెట్టంతా తిరిగి ఫైళ్లు ఏరేది ఒకరు, ఏరినవాటిని మూట కట్టేది ఇంకొకరు. ఏరేది ఫైండ్. కట్టేది సీపీఐఓ. ఈ రెండూ బెల్ ల్యాబ్స్‌లో డిక్ హైట్ అనే ఆయన రాసినవే, కలిపి వాడటానికే రాశారు. సీపీఐఓకి తనంతట తాను చెట్టు ఎక్కడం రాదు. దాని ఇన్‌పుట్‌లోకి పేర్ల జాబితా పంపాలి, వచ్చిన పేరు వచ్చినట్టు మూటలో వేస్తుంది. తర్వాత 1979లో యూనిక్స్ ఏడో వెర్షన్‌తో టార్ వచ్చింది. టేప్ ఆర్కైవ్ అనే మాటకి కుదింపు అది. టార్‌కి ఫోల్డర్ పేరు చెప్తే చాలు, లోపలికి తనే దిగి అన్నీ తీసుకుంటుంది. హాయిగానే ఉంటుంది, మొత్తం కావాలంటే. "ఇవి కావాలి, అవి వద్దు, నిన్నటి తర్వాత మారినవే కావాలి" అన్నప్పుడే మళ్లీ ఫైండ్ దగ్గరికి రావాల్సి వస్తుంది.

మరి ఫైండ్ చెట్టు ఎలా ఎక్కుతుంది? జనాభా లెక్కలకి వచ్చే మనిషిని ఊహించుకోండి. వీధిలోకి వస్తాడు, ఒక్కో గుమ్మం చూస్తాడు. ఇల్లయితే రాసుకుంటాడు. సందు అయితే ఆ సందులోకి తిరుగుతాడు, అది పూర్తిచేసుకుని మళ్లీ వీధిలోకి వచ్చి, ఆపిన చోటి నుంచి కొనసాగిస్తాడు. ఫైండ్ కూడా అంతే. డైరెక్టరీ తెరుస్తుంది, ఒక్కో పేరూ చదువుతుంది, అది ఫైలా డైరెక్టరీనా చూస్తుంది, డైరెక్టరీ అయితే లోపలికి దిగుతుంది. మనం రాసే హైఫన్ నేమ్, హైఫన్ టైప్ లాంటివన్నీ ప్రతి గుమ్మం దగ్గరా అడిగే ప్రశ్నలు. ఎడమ నుంచి కుడికి అడుగుతుంది. ఒకదానికి కాదని జవాబొస్తే, ఆ పక్కవి అడగదు.

ఇంకొకటి గుర్తుపెట్టుకోండి, మళ్లీ అవసరం పడుతుంది. పేర్లు అక్షర క్రమంలో రావు. ఫైల్‌సిస్టమ్ ఏ వరసలో ఇస్తే ఆ వరసలోనే వస్తాయి.

ఇప్పుడు నా తప్పు. స్క్రీన్ మీద ఉన్నది చదువుతున్నాను: ఫైండ్, చుక్క, హైఫన్ టైప్ ఎఫ్, హైఫన్ ప్రింట్0, పైపు, ఎక్స్‌ఆర్గ్స్ హైఫన్ 0, టార్ హైఫన్ సీజెడ్‌ఎఫ్, ఆ తర్వాత మూట పేరు.

తెలిసినవాళ్లు ఈపాటికే నుదురు కొట్టుకుని ఉంటారు. తెలియనివాళ్ల కోసం నిదానంగా చెప్తాను, ఎందుకంటే ఇందులో సగం సరైనదే.

సరైన సగం ఏమిటంటే, ఆ ప్రింట్0. యూనిక్స్‌లో ఫైలు పేరులో ఏ అక్షరమైనా ఉండొచ్చు, రెండు తప్ప: ముందుకి వాలిన గీత, నల్ అనే సున్నా బైటు. ఖాళీ ఉండొచ్చు. కొత్త లైను కూడా ఉండొచ్చు. బాబాయి దగ్గర అన్ని పేర్లలోనూ ఖాళీలే. "సుబ్బారావు గారి కార్డు న్యూ ఫైనల్ 2" ఒక ఫైలు పేరు. ఎక్స్‌ఆర్గ్స్ మామూలుగా ఖాళీ కనిపించిన చోటల్లా పేరు విరగ్గొడుతుంది. ఈ ఒక్క పేరూ ఆరు పేర్లైపోతుంది, ఆ ఆరింట్లో ఒక్కటీ డిస్క్‌లో ఉండదు. అందుకని పేరుకీ పేరుకీ మధ్య నల్ పెట్టమని ఫైండ్‌కి ప్రింట్0 చెప్తాం, నల్ దగ్గరే విడగొట్టమని ఎక్స్‌ఆర్గ్స్‌కి హైఫన్ 0 చెప్తాం. మొదట్లో ఇది గ్నూ వాళ్ల సొంత ఏర్పాటు. ఇప్పుడు 2024 పోసిక్స్ ప్రమాణంలో కూడా చేరింది. ఈ జబ్బు నాకు తెలుసు, దానికి మందూ వేశాను. గర్వంగానే వేశాను.

తెలియని జబ్బు ఎక్స్‌ఆర్గ్స్ అసలు పనిలోనే ఉంది. ఒక కమాండ్‌కి ఎన్ని పేర్లు పడితే అన్ని ఇవ్వలేం, కెర్నెల్ ఒక హద్దు పెడుతుంది. ఆ హద్దు దాటకుండా పేర్లని విడతలుగా పంచి, ఒక్కో విడతకి కమాండ్‌ని ఒక్కోసారి నడపడానికే ఎక్స్‌ఆర్గ్స్ పుట్టింది. గ్నూ ఎక్స్‌ఆర్గ్స్ మామూలుగా ఒక విడతకి 128 కిలోబైట్ల పేర్లు తీసుకుంటుంది. దారితో కలిపి పేరు సగటున 60 బైట్లు అనుకోండి, విడతకి సుమారు 2,150 పేర్లు పడతాయి. చెరిపేసే పనికి, వెతికే పనికి ఎన్ని విడతలైనా పర్వాలేదు. కానీ టార్ హైఫన్ సి అంటే ఏమిటి? కొత్త మూట కట్టు. ఆ పేరుతో పాత మూట ఉంటే దాన్ని తుడిచేసి కొత్తది కట్టు.

అర్థమైందా అండీ? మొదటి 2,150 ఫైళ్లకి టార్ నడిచింది, మూట కట్టింది. రెండో విడతకి మళ్లీ నడిచింది, మొదటి మూటని తుడిచి తన మూట కట్టింది. మూడోది రెండోదాన్ని తుడిచింది. నాలుగు విడతలకి 8,600 ఫైళ్లు అలా వచ్చి అలా పోయాయి. ఆఖర్న మిగిలిన 800 చిల్లర మాత్రం మూటలో మిగిలాయి. ప్రతి టార్ తన పని తను సవ్యంగానే చేసింది, అందుకే ఒక్క ఎర్రర్ కూడా లేదు. నేను పరీక్ష చేసిన రోజున ఫైళ్లు 1,300, ఒకే విడత. అందుకే ఆ రోజు అన్నీ ఉన్నాయి. స్క్రిప్ట్ మారలేదు, ఫైళ్లు పెరిగాయి, అంతే.

ఏ 800 మిగులుతాయన్నది కూడా మన చేతుల్లో లేదు. ఫైండ్ ఏ వరసలో ఇస్తే ఆ తోక. మాస్టారి ఫోల్డర్ తోకలో పడలేదు.

సిగ్గు విడిచి ఇంకొకటి చెప్తాను. మధ్యలో ఒకసారి మూట సైజు తగ్గినట్టు కనిపించింది. జీజిప్ బాగా కుదిస్తోంది కాబోలు అనుకున్నాను.

దిద్దుబాటు చాలా చిన్నది. ఎక్స్‌ఆర్గ్స్‌ని మధ్యలోంచి తీసెయ్యడమే. టార్‌కి జాబితాని నేరుగా చదువుకోవడం వచ్చు: పెద్ద టి ఆప్షన్, దాని పక్కన ఒక హైఫన్ పెడితే పైపులోంచి చదువుతుంది. అలా చదివేటప్పుడు కెర్నెల్ హద్దుతో పనిలేదు, లక్ష పేర్లైనా ఒకే టార్, ఒకే మూట. చదువుతున్నాను: ఫైండ్, చుక్క, హైఫన్ టైప్ ఎఫ్, హైఫన్ ప్రింట్0, పైపు, టార్, రెండు హైఫన్లు నల్, రెండు హైఫన్లు నో రికర్షన్, హైఫన్ సీజెడ్‌ఎఫ్, మూట పేరు, హైఫన్ పెద్ద టి, హైఫన్. నల్, నో రికర్షన్ రెండూ టి కంటే ముందే రాయండి. గ్నూ టార్‌లో వీటికి స్థానబలం ఉంది, వెనకొస్తే ముందున్నదానికి పనిచెయ్యవు.

హైఫన్ ఆర్ వాడి పాత మూటకే చివర కలుపుతూ పోవచ్చు కదా అని మీకు అనిపించొచ్చు. కుదించని మూటకైతే కుదురుతుంది. జీజిప్ చేసిన మూటకి టార్ కలపదు, కుదరదని చెప్పేస్తుంది. పైగా పోయిన రాత్రి ఫైళ్ల మీద ఈ రాత్రివి పేరుకుంటాయి. వద్దు.

నో రికర్షన్ ఎందుకో చెప్పాలి. ఫైండ్ చెట్టంతా ఎక్కి పేర్లు ఇస్తుందని చెప్పుకున్నాం. అందులో డైరెక్టరీల పేర్లు కూడా ఉంటాయి. టార్‌కి డైరెక్టరీ పేరు కనపడితే ఊరుకోదు, తనూ చెట్టెక్కుతుంది. ఫైండ్ ఒకసారి, టార్ ఒకసారి. ఒకే ఫైలు మూటలో రెండుసార్లు, లోతుగా ఉన్నదైతే నాలుగైదు సార్లు పడుతుంది. టైప్ ఎఫ్ పెట్టి ఫైళ్లే ఏరితే ఆ గొడవ ఉండదు, కానీ అప్పుడు ఖాళీ ఫోల్డర్లు మూటలోకి రావు. సింబాలిక్ లింకులు కూడా రావు, అవి వేరే రకం కింద లెక్క. బాబాయి షాపులో ఖాళీ ఫోల్డర్లతో పనిలేదు. ఒక ప్రోగ్రామ్ తన ఖాళీ ఫోల్డర్ లేకపోతే నడవనని మొరాయించే చోట మాత్రం టైప్ ఎఫ్ తీసేసి, నో రికర్షన్ ఉంచి, డైరెక్టరీలని కూడా రానివ్వాలి.

సరే, ఇప్పుడు వద్దనుకున్నవి వదిలెయ్యడం. నాకు ఎక్కువ ప్రశ్నలొచ్చేది ఇక్కడే.

కోరల్‌డ్రా ఫైలు సేవ్ చేసినప్పుడల్లా పాతదానికి "బ్యాకప్ ఆఫ్" అని ముందు తగిలించి ఒక కాపీ ఉంచుతుంది. షాపులో అవి సగానికి సగం. విండోస్ తన వంతుగా ప్రతి బొమ్మల ఫోల్డర్‌లోనూ థంబ్స్ అనే ఫైలు పెట్టిపోతుంది. ఇవి వద్దు. ఇలాంటి ఒక్కో ఫైలుకి ఆశ్చర్యార్థకం గుర్తు, హైఫన్ నేమ్, పేరు నమూనా చాలు. నమూనాని కోట్స్‌లో పెట్టడం మర్చిపోకండి, లేకపోతే నక్షత్రం గుర్తుని ఫైండ్ కంటే ముందే షెల్ విడగొట్టేస్తుంది.

మొత్తం ఫోల్డరే వద్దంటే వేరు. "టెంప్" అనే ఫోల్డర్‌లో 40,000 ముక్కలు ఉన్నాయనుకోండి. ఆశ్చర్యార్థకంతో హైఫన్ పాత్ పెట్టి వద్దంటే, ఫైండ్ ఆ సందులోకి వెళ్తుంది, 40,000 గుమ్మాలూ ఎక్కుతుంది, ఒక్కొక్కదాన్నీ వద్దంటుంది. ఫలితం సరిగ్గానే వస్తుంది, పని దండగ. సందులోకే వెళ్లొద్దని చెప్పేది హైఫన్ ప్రూన్. కొమ్మ నరకడం. హైఫన్ నేమ్ టెంప్, హైఫన్ ప్రూన్, హైఫన్ ఓ, హైఫన్ టైప్ ఎఫ్, హైఫన్ ప్రింట్0. దీన్ని ఇలా చదవండి: పేరు టెంప్ అయితే కొమ్మ నరికెయ్, కాకపోతే, ఫైలైతే పేరు రాయి. ఆ ఓ అనేది "లేదా".

ఇక్కడ రెండు గోతులు. మొదటిది, ఆఖర్న ప్రింట్ రాయకపోతే ఫైండ్ తనే ఒక ప్రింట్ మొత్తానికీ కలిపి వేసుకుంటుంది. అప్పుడు నరికిన టెంప్ పేరు కూడా జాబితాలోకి వస్తుంది, ఒక్క ఆ ఫోల్డర్ పేరే, లోపలివి కాదు. ఒక్క పేరే కదా అనుకుంటాం. ఆ ఒక్క పేరుని నో రికర్షన్ లేని టార్‌కి ఇచ్చారా, అది లోపలికి దిగి 40,000 ముక్కలూ మోసుకొస్తుంది. ఒకరు ఏరలేదు, ఇంకొకరు తనంతట తనే ఏరారు. ఇద్దరిలో ఏరే పని ఒక్కరికే ఇవ్వాలని నేను మొత్తుకునేది ఇందుకే.

రెండో గొయ్యి "లేదా"దే. పేజ్‌మేకర్ పీఎండీ ఫైళ్లు, కోరల్ సీడీఆర్ ఫైళ్లు రెండూ కావాలని హైఫన్ నేమ్ పీఎండీ, హైఫన్ ఓ, హైఫన్ నేమ్ సీడీఆర్, హైఫన్ ప్రింట్0 అని రాస్తారు. వచ్చేవి సీడీఆర్‌లు మాత్రమే. ఎందుకంటే పక్కపక్కన ఉన్నవాటి మధ్య కనపడని "మరియు" ఒకటి ఉంటుంది, అది "లేదా" కంటే గట్టిగా పట్టుకుంటుంది. ప్రింట్0 వెళ్లి సీడీఆర్‌కి అతుక్కుంటుంది. పీఎండీ నిజమైతే ఫైండ్ నిజమే అని ఊరుకుంటుంది, ఏమీ రాయదు. రెండు నేమ్‌లనీ బ్రాకెట్లలో పెట్టాలి, బ్రాకెట్ ముందు వెనక్కి వాలిన గీత ఉండాలి. మాస్టారి అధ్యాయాలన్నీ పీఎండీలే అని గుర్తుంది కదా. ఈ తప్పు నేను చెయ్యలేదు, కానీ చేసి ఉంటే కూడా అదే జరిగేది, అంతే నిశ్శబ్దంగా. అన్నట్టు, విండోస్ నుంచి వచ్చే పేర్లలో పీఎండీ చిన్న అక్షరాల్లో ఉంటుంది, పెద్ద అక్షరాల్లో ఉంటుంది. నేమ్ బదులు ఐనేమ్ వాడండి.

సీపీఐఓ వాడే పాత స్క్రిప్టుల్లో హైఫన్ డెప్త్ అని కనిపిస్తుంది. చాలామంది అర్థం తెలియకుండానే కాపీ చేస్తారు. మామూలుగా ఫైండ్ ముందు డైరెక్టరీ పేరు ఇచ్చి, తర్వాత లోపలివి ఇస్తుంది. డెప్త్ పెడితే తిరగేసి, ముందు లోపలివి, ఆఖర్న డైరెక్టరీ. ఇల్లు మారేటప్పుడు సామాన్లన్నీ గదిలో పెట్టాకే కదా తాళం వేస్తాం. ఒక డైరెక్టరీకి రాయడానికి వీల్లేని అనుమతులు ఉన్నాయనుకోండి. మూట విప్పేటప్పుడు అదే ముందొస్తే, తాళంతో సహా తయారవుతుంది, తర్వాత వచ్చే ఫైళ్లని లోపల పెట్టలేం. ఆఖర్న వస్తే ఆ బాధ లేదు, డైరెక్టరీ తేదీ కూడా చెడిపోదు. విప్పేటప్పుడు సీపీఐఓకి హైఫన్ డి ఇచ్చి, లేని డైరెక్టరీలు అప్పటికప్పుడు చేసుకోమని చెప్పాలి. గ్నూ టార్ డైరెక్టరీ అనుమతులు, తేదీలు చివర్న పెట్టే ఏర్పాటు తనే చూసుకుంటుంది, కాబట్టి టార్‌కి డెప్త్ అక్కర్లేదు. అక్కర్లేకపోగా ప్రమాదం: డెప్త్ ఉంటే ప్రూన్ పనిచెయ్యదు. లోపలివన్నీ చూసేశాక కొమ్మ నరికి ఏం లాభం? హైఫన్ డిలీట్ పెట్టినా డెప్త్ తనంతట తనే వచ్చేస్తుంది. ప్రూన్‌నీ డిలీట్‌నీ ఒకే లైన్లో పెట్టి, నరికిన కొమ్మ భద్రంగా ఉందనుకోవడం కంటే పెద్ద పొరపాటు ఈ కమాండ్‌తో చెయ్యలేం.

లింకుల గురించి క్లుప్తంగా. ఫైండ్ మామూలుగా సింబాలిక్ లింకు వెంట వెళ్లదు. పెద్ద ఎల్ ఇస్తే వెళ్తుంది, అప్పుడు తిరిగి తిరిగి అదే సందులోకి వచ్చే చిక్కు ఉంటుంది. గ్నూ ఫైండ్ దాన్ని గుర్తుపట్టి ఎర్రర్ చెప్తుంది. అవసరం లేకపోతే ఎల్ ముట్టుకోకండి. బ్యాకప్ డిస్క్‌ని అదే చెట్టు లోపల ఎక్కడో మౌంట్ చేసి ఉంటే హైఫన్ ఎక్స్‌డెవ్ పెట్టండి, వేరే ఫైల్‌సిస్టమ్‌లోకి దిగదు. లేకపోతే నిన్నటి మూటలన్నీ ఈరోజు మూటలో దూరతాయి.

మారినవే ఏరడం గురించి మాత్రం కాస్త ఆగాలి. హైఫన్ న్యూయర్ పక్కన ఒక గుర్తు ఫైలు పేరు ఇస్తే, ఆ ఫైలు తేదీ తర్వాత మారినవే వస్తాయి. రోజూ పని అయ్యాక ఆ గుర్తు ఫైలుని టచ్ చేస్తారు. "అయ్యాక" చెయ్యడమే తప్పు. పని 11 గంటలకి మొదలై 11:20కి అయిందనుకోండి. 11:05కి ఫైండ్ ఒక ఫోల్డర్ దాటి వెళ్లిపోయింది, 11:10కి అక్కడ ఎవరో ఫైలు సేవ్ చేశారు. ఈరోజు మూటలో అది లేదు. గుర్తు తేదీ 11:20 కాబట్టి రేపు మూటలోనూ రాదు. కొత్త గుర్తు ఫైలుని పని మొదలవ్వక ముందే తయారుచేసి, పని సరిగ్గా ముగిశాక దాన్ని పాతదాని స్థానంలోకి మార్చాలి. కొన్ని ఫైళ్లు రెండు మూటల్లో పడతాయి, పడనివ్వండి.

ఇంకో తిరకాసు. కస్టమర్ పెన్‌డ్రైవ్ తెస్తాడు, బాబాయి విండోస్‌లో ఫైలు కాపీ చేస్తాడు. విండోస్ కాపీలో మార్పు తేదీ పాతదే ఉండిపోతుంది. పోయిన ఏడాది తేదీతో ఉన్న ఫైలు ఇవాళే సర్వర్‌లోకి వచ్చింది. న్యూయర్‌కి అది పాతదే. సీన్యూయర్ అని ఇంకోటి ఉంది, అది సర్వర్‌లో ఐనోడ్ ఎప్పుడు మారిందో చూస్తుంది, దానికి దొరుకుతుంది. అయితే ఒక ఫోల్డర్‌నే ఎత్తి ఇంకోచోట పెడితే లోపలి ఫైళ్ల ఐనోడ్లు మారవు, దానికీ దొరకవు. అందుకే తేదీలని నమ్ముకునే పద్ధతి కంటే, ఏ డైరెక్టరీలో ఏమున్నాయో రాసుకుని పోల్చే టార్ లిస్టెడ్ ఇంక్రిమెంటల్ నయం. నా మాట అడిగితే, 9,000 ఫైళ్ల షాపుకి రోజూ మొత్తం కట్టడమే సుఖం.

తెలుగులో ఫైలు పేర్లు పెట్టేవాళ్లకి రెండు మాటలు. యూటీఎఫ్ 8లో తెలుగు కోడ్ ఒక్కొక్కటి 3 బైట్లు. "పెళ్లిపత్రిక" అనే మాట మనకి చిన్నదే, కానీ గుణింతాలు, వత్తులు విడివిడిగా లెక్కపెడితే 12 కోడ్‌లు, 36 బైట్లు. లైనక్స్‌లో మామూలుగా ఒక పేరుకి 255 బైట్లే హద్దు, అంటే తెలుగులో 85 కోడ్‌లు. పాత టార్ హెడర్‌లో పేరుకి ఉన్న చోటు 100 బైట్లు. తెలుగు ఫోల్డర్‌లో తెలుగు ఫోల్డర్ పెట్టారంటే అది ఇట్టే దాటిపోతుంది. గ్నూ టార్, పాక్స్ ఫార్మాట్లు దీన్ని దాటే ఏర్పాటు చేసుకున్నాయి కాబట్టి ఇప్పుడు నష్టం లేదు, కాకపోతే పాత ఫార్మాట్ కావాలని ఎంచుకోకండి. రెండోది, రాత్రి క్రాన్‌లో నడిచిన టార్ రాసిన జాబితా చూస్తే తెలుగు పేర్ల బదులు 340, 260 అని అంకెలు వరసగా కనిపిస్తాయి. భయపడకండి. అవి మన అక్షరాల బైట్లే, ఆక్టల్‌లో. క్రాన్‌కి తెలుగు లొకేల్ తెలియక అలా చూపిస్తుంది, మూటలో పేర్లు భద్రంగానే ఉంటాయి.

ఇక ఆఖరిది, నేను మొదటే చెయ్యాల్సింది. లెక్క చూడటం. ఫైండ్ ఇచ్చిన జాబితాని ముందు ఒక ఫైల్‌లో దాచండి. టార్‌కి దాన్నే ఇవ్వండి. జాబితాలో నల్‌లు ఎన్నున్నాయో లెక్కపెడితే ఏరినవి ఎన్నో తెలుస్తుంది. తర్వాత టార్ హైఫన్ టి తో మూటని చదివి, లైన్లు లెక్కపెట్టండి. కట్టినవి ఎన్నో తెలుస్తుంది. పేరులో కొత్త లైను ఉన్నా గ్నూ టార్ దాన్ని గుర్తుగా మార్చి చూపిస్తుంది కాబట్టి లెక్క తప్పదు. పైపు వాడేచోట సెట్, హైఫన్ ఓ, పైప్‌ఫెయిల్ అని స్క్రిప్ట్ మొదట్లో రాసుకోండి. లేకపోతే ఒక ఫోల్డర్‌లోకి అనుమతి లేక ఫైండ్ ఫిర్యాదు చేసినా, పైపులో చివర ఉన్నవాడు బాగున్నాడు కాబట్టి అంతా బాగుందనే షెల్ అంటుంది.

మాస్టారి దగ్గర 7 అధ్యాయాలకి ప్రూఫ్ కాపీలు కాగితం మీద ఉన్నాయి. పిన్ని, బాబాయి కూర్చుని మళ్లీ టైపు చేశారు. మిగిలిన 4 ఆయన మళ్లీ చేత్తో రాసిచ్చారు. నేను వెళ్లి సంగతంతా చెప్తే, ఆయన విని, "అయితే జాబితా చివర్లో ఉన్నవాళ్లే మిగిలారన్నమాట" అన్నారు. అంతకంటే ఏమీ అనలేదు.

ఇప్పుడు స్క్రిప్ట్ రోజూ రాత్రి పని అయ్యాక ఒక చిన్న టెక్స్ట్ ఫైల్‌లో రెండు అంకెలు రాసి పెడుతుంది, ఏరినవి ఎన్ని, కట్టినవి ఎన్ని. పొద్దున్నే షట్టర్ తీయగానే బాబాయి అది తెరుస్తాడు. రెండూ ఒకటేనా చూడటం తప్ప ఆయనకి ఇంకేమీ తెలియక్కర్లేదు. మొన్న ఫోన్ చేసి, "ఒరేయ్, 11,206కి 11,206 ఉన్నాయి, కానీ నిన్న 11,230 కదా, 24 ఏమయ్యాయి?" అన్నాడు. పిన్ని పాత కరపత్రాలు చెరిపిందట.

ఉంటానండీ. వచ్చే ఎపిసోడ్‌లో మూట విప్పడం గురించి.